రెండో కవరు

ఎడమది తీసింది. అంతే, అయిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ రెండు కవర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, "మీలో ఎవరైనా వచ్చి ఒకటి తీయండమ్మా, తరవాత మమ్మల్ని అనకుండా" అంటే, తలుపుకి దగ్గరగా కూర్చున్న పాపానికి ఆ అమ్మాయి లేచి వచ్చింది, చెమట పట్టిన అరచేతులు బట్టలకి తుడుచుకుంది, ఏదైతేనేం అన్నట్టు ఎడమ కవరు తీసి ఇచ్చేసింది. పక్కనే నిలబడ్డ ఇంగ్లీషు మాస్టారు మిగిలిన కవరు వైపు చూశాడు. రెండు కవర్లూ ఒకే రంగు, ఒకే కొలత. కానీ కుడి కవరు మూత అతికించిన చోట, సగం మూత మీదా సగం కవరు మీదా పడేలా పెట్టిన సంతకం ఎవరిదో ఆయనకి తెలుసు. చివరి అక్షరం దగ్గర కలాన్ని కాస్త పైకి లాగి వదిలేసే ఆ అలవాటు, పాల చీటీ మీద కూడా అలాగే ఉండేది. ఆ చెయ్యి పోయి ఐదు నెలలైంది. "మాస్టారూ, ఆ రెండోది మీ దగ్గరే ఉంచండి," అంది హెడ్‌మిస్ట్రెస్, ఆయన మొహం వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ. "పేపర్లు ఇవాళే దిద్దేస్తారుగా. ఈ తొమ్మిది మందిలో ఎవరైనా మళ్ళీ తప్పారా, వచ్చే నెల ఇంకొక్క అవకాశం ఇస్తాం, దాంతో పెడదాం. అందరూ గట్టెక్కారా, సాయంత్రానికి ముక్కలు చేసేయడమే. పాత సిలబస్ ఇక్కడితో సరి."

ముక్కలు చేసేయడమే. తెరవకుండా. ఆ నియమం రాసింది కూడా ఆయన భార్యే, ఇదే బళ్ళో ఇంగ్లీషు చెబుతూ పరీక్షల కమిటీలో ఉన్నప్పుడు. అంతకు ముందు ఒక ఏడాది వాడకుండా మిగిలిన పేపరు ఎలాగో ఒక ట్యూషన్ మాస్టారి చేతికి చిక్కి, మరుసటి ఏడాది సగం ప్రశ్నలు పిల్లలందరి నోళ్ళలో నానాయి. అప్పుడు రాసింది: వాడని ప్రశ్నపత్రాన్ని తెరవకూడదు, ఇద్దరు సంతకం పెట్టి నాశనం చేయాలి. రాసి, ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి చదివి వినిపించింది. "ఎక్కడైనా సందు ఉందా చూడండి," అంది. ఆయన రెండుసార్లు విని, లేదు, చీమ కూడా దూరదు అన్నాడు. నిజంగానే దూరదు. ఇప్పుడు కవరు ఆయన కుర్చీ ముందు, హాజరు పట్టీ కింద, మూల ఒకటి బయటికి కనబడేలా ఉంది. గోడ గడియారంలో పది దాటి మూడు నిమిషాలు. గంట పరీక్ష. తొమ్మిది తలలు వంగి ఉన్నాయి. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒక బెంచీ మీద కాగితం లేస్తోంది, ఎవరిదో మోచెయ్యి దాన్ని మళ్ళీ అణుస్తోంది. మోచెయ్యి. ఆవిడ కూడా అలాగే, భోజనాల బల్ల దగ్గర, సెలవులో ఉన్నా నేను రాస్తానంటే రాస్తానని పట్టుబట్టి తీసుకున్న ఈ పేపరు చుట్టూ ఎడమ చెయ్యి గోడలా కట్టి, పక్క పిల్ల చూసి రాస్తుందేమో అని భయపడే మొదటి బెంచీ పిల్లలా. ఆయన మంచినీళ్ళు పెట్టడానికి వెళ్తే తల ఎత్తకుండా, "అక్కడే ఆగండి, గ్లాసు అక్కడే పెట్టండి," అంది. మొగుణ్ణే కదా అన్నాడు. "మొగుడైతే చూసినా ఫరవాలేదు. ఇంగ్లీషు మాస్టారు చూడకూడదు." వారం రోజులు రాసింది. మూడు గంటలు చాలే పనికి వారం పట్టింది, చెయ్యి ఊరికే అలిసిపోయేది. తనే అతికించి, తనే సంతకం పెట్టి, ఆయన చేతికి కాకుండా గుమస్తాని ఇంటికి పిలిపించి మరీ ఇచ్చింది. ఆ తరవాత ఐదు వారాలు.

ఆవిడ రాసినవన్నీ ఈ ఐదు నెలల్లో ఆయన చదివేశాడు. ఇంట్లో చదవనిది మిగల్లేదు. సరుకుల చీటీలు, మందుల చీటీల వెనక వేసుకున్న లెక్కలు, నిఘంటువు అంచుల్లో పెన్సిలు గీతలు, ఏదో ఏడాది డైరీలో ఒకే ఒక్క రోజున 'ఇవాళ గొంతు బాగాలేదు' అన్న ముక్క. నెమ్మదిగా, కొసరి కొసరి చదివాడు, రోజుకి ఒకటి కంటే ఎక్కువ కాకుండా, అయినా అయిపోయాయి. మిగిలింది ఇదొక్కటే. ఇందులో తనకోసం ఏదో రాసి ఉంటుందని కాదు. అంత అమాయకుడు కాదు. వ్యాకరణం, ఒక ఉత్తరం, ఒక పేరా, చివర పొడుగు మాటలు ఆరు, ముక్కలుగా విడదీసి ఏ ముక్కని ఒత్తి పలకాలో గుర్తు పెట్టమని. అంతే ఉంటుంది. కానీ ఆ ఆరు ఏవి? ఆవిడ ఎప్పుడూ మాటల్ని పుస్తకంలోంచి ఏరదు, కళ్ళ ఎదురుగా ఏది ఉంటే దాన్ని తీస్తుంది. అందుకని సాయంత్రాలు ఆయన ఆవిడ కుర్చీలో, ఆవిడ కూర్చున్న వైపే కూర్చుని చూశాడు. ఎదురుగా రెఫ్రిజిరేటర్, ఐదు ముక్కలు, రెండోది ఒత్తాలి. మందుల పెట్టెలో థర్మామీటర్, నాలుగు, అదీ రెండోదే. తలుపు వెనక అంబ్రెల్లా, మూడు. ఇంకాస్త మెడ తిప్పితే తను ఎప్పుడూ పేపరు చదువుకునే కుర్చీ. హస్బెండ్. రెండే ముక్కలు, పరీక్షకి పనికిరాడు. ఆ వేళ ఒక్కడూ నవ్వాడు. నవ్వి, చెబుదామని వంటింటి వైపు తిరిగాడు.

ఈ పేపర్లోనూ ఆఖరి ప్రశ్న అదే. కొత్తగా వచ్చిన టీచరు పద్ధతిగా వేసింది, పాఠంలోంచే: ఫొటోగ్రఫీ, ఎలక్ట్రిసిటీ, ఎగ్జామినేషన్, రెఫ్రిజిరేటర్ (వచ్చింది, చూశావా, అందులో ఒకటి ఇందులోకి వచ్చింది), ఆపర్చునిటీ, రెస్పాన్సిబిలిటీ. మాటకి రెండు మార్కులు. వీళ్ళకి ఈ పాఠం చెప్పింది ఆయనే, ఆవిడ మంచం పట్టాక. బోర్డు మీద గీతలు గీసి, చివర ఇలా ఉంటే దాని ముందు ముక్క, అలా ఉంటే వెనకనించి మూడో ముక్క అని సూత్రాలు రాయించాడు. అందులో తప్పు ఒక్కటీ లేదు. అయినా ఎవరికీ ఎక్కలేదు. ఆవిడ సూత్రాలు చెప్పదు. గడ్డం కింద అరచెయ్యి పెట్టుకోమంటుంది. మాట నెమ్మదిగా అనండి, గడ్డం ఎన్నిసార్లు చేతిని తోసిందో అన్ని ముక్కలు. మరి ఏది ఒత్తాలి? ఆ మాటని వీధి చివర ఉన్న మనిషిని పిలిచినట్టు పిలవండి, ఎక్కడ గొంతు సాగుతుందో అదే. క్లాసు క్లాసంతా కిటికీలోంచి ఎలెక్‌ట్రీ...సిటీ అని కేక పెడితే పక్క గదిలోంచి లెక్కల మాస్టారు వచ్చి, "ఎవరమ్మా ఆవిడ, ఎప్పటికీ రాదేం?" అనేవాడు. "మన మాటల్లో అక్షరాలన్నీ బుద్ధిమంతులర్రా," అనేది ఆవిడ పిల్లలతో. "వరసలో నిలబడి ఎవరి వంతు వాళ్ళు పలుకుతాయి. ఇంగ్లీషులో అలా కాదు. ఒకడు గట్టిగా అరుస్తాడు, మిగతావాళ్ళు సగం మింగేసి ఊరుకుంటారు. ఆ అరిచేవాణ్ణి పట్టుకుంటే చాలు, మాట మన చేతికి వచ్చేసినట్టే." ఆయనకి అవన్నీ వచ్చు. ముప్పై ఏళ్ళు పక్క గదిలోంచి విన్నాడు. చెయ్యి గడ్డం దాకా వెళ్ళేది, అక్కణ్ణించి బోర్డు దగ్గరికి వెళ్ళిపోయేది. పిల్లల ముందు గొంతు సాగదీసి పిలవడం ఆయన వల్ల కాలేదు. అసలు ఆవిడ్ని కూడా పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. ఇదిగో, అనేవాడు. ఇదిగో, గొళ్ళెం పెట్టావా. ఇదిగో, నిన్నే. ఇప్పుడు రోజులన్నీ బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి, సోమవారం, మంగళవారం, ఏదీ గట్టిగా అరవదు.

డాక్టరు దగ్గర కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. చిన్న గది, బల్ల మీద అద్దం కింద పిల్లల బొమ్మలు, డాక్టరు కాగితం చూస్తూ క్యాన్సరు అని, దాని పొడుగు పేరు అన్నాడు. అడినోకార్సినోమా. ఆయన పక్కకి తిరిగి చూస్తే ఆవిడ అరచెయ్యి గడ్డం కింద, పెదాలు మెల్లగా కదులుతున్నాయి. "ఏడండీ," అంది. డాక్టరు కంగారుపడి ఏడేమిటమ్మా అన్నాడు. "ఏడు ముక్కలు. ఆరోది ఒత్తాలి." బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "ఇంత పొడుగు మాట మన ఇంటికి ఇంతవరకు రాలేదు మాస్టారూ," అంది, సరదాకి ఆయన్ని అలాగే పిలిచేది, "మీరు జడుసుకోకండి. ఎంత పొడుగుదైనా విడదీస్తే చిన్న చిన్న ముక్కలేగా." ఆ రాత్రి కాదు, ఆ మర్నాడు కాదు, మూడో రోజు బట్టలు ఆరేస్తూ ఆయనకి అర్థమైంది, ఆ గదిలో ఓదార్చాల్సింది తను. ఆవిడ చెయ్యి పట్టుకోవాల్సింది. అది గడ్డం కింద ఉంది, పట్టుకోలేదు.

పదీ ముప్పై ఎనిమిది. తలుపు దగ్గర పిల్ల కలం మూత పెట్టింది. ఎడమ కవరు తీసిన పిల్లే. ఈ పిల్లని అందరూ కామా అంటారు. చదవమంటే మాట మాటకీ ఆగిపోతుందని తోటిపిల్లలు పెట్టిన పేరు. ఒకసారి క్లాసులో ఎవడో, "మేడమ్, కామా ఈ ఏడాదికి పేరా పూర్తి చేస్తుందంటారా?" అంటే ఆవిడ, "కామా దగ్గర ఊపిరి పీల్చుకుంటారురా, నీలాగా చచ్చి పడిపోరు," అందిట, ఇంటికొచ్చి చెప్పింది. ఆ పిల్ల కోసం బడి అయ్యాక వరండాలో ఒక గంట కూర్చునేది. "నీకీ వాత్సల్యం ఏమిటి, వాళ్ళకి టీచర్లు కరువా, టీ చల్లారిపోయింది," అని ఆయన సణిగేవాడు. ఆ గంటలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నట్టు. ఆవిడ మంచం పట్టాక వరండాలో ఎవరూ కూర్చోలేదు. పిల్ల రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానిపించి తన కుట్టు దుకాణంలో కాజాలు కుట్టడానికి పెట్టుకుంటానని వాళ్ళ పిన్ని పోయిన వారం వచ్చి ఆఫీసులో చెప్పి వెళ్ళింది. పాపం ఆ పిన్ని కోపంగా కూడా చెప్పలేదు, "ఎన్నాళ్ళని సార్" అంది అంతే. ఆయన నడుస్తూ వెళ్ళి పిల్ల వెనకాల ఒక్క క్షణం నిలబడ్డాడు. ముందు ప్రశ్నలన్నీ రాసింది, అక్కడక్కడ తప్పులతో, గుండ్రటి అక్షరాలతో. దిద్దే కళ్ళకి చూడగానే తెలిసిపోయింది, ముప్పైకి ఒకటో అరో తక్కువ. గట్టెక్కాలంటే ముప్పై అయిదు. ఆఖరి ప్రశ్న కింద ఆరు మాటలూ దించి, పక్కన ఏమీ రాయకుండా, చేతులు కట్టుకుని కూర్చుంది.

ఇలాంటప్పుడు ఆయన ఒక మాట అంటాడు. ఏ పరీక్షలో కాపలా ఉన్నా, అయిపోవడానికి ఇరవై నిమిషాల ముందు, 'ఆఖరి ప్రశ్న ఎవరూ వదిలేయకండి, తోచింది రాయండి' అంటాడు. ముప్పై ఏళ్ళుగా అంటున్నాడు. అనొచ్చు కూడా, అందులో తప్పులేదు, అందరికీ కలిపి అనేదే. "మీరు పోయాక కూడా వచ్చి అంటారు ఈ మాట," అని ఆవిడ ఏడిపించేది. ఇరవై నిమిషాలు మిగిలినప్పుడు అనలేదు. మరిచిపోయాననుకున్నాడు. పదిహేడు. కుర్చీ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. హాజరు పట్టీ కింద కవరు మూల కనబడుతోంది. పదహారు. మిగతా ఎనిమిది మందికీ ఢోకా లేదు, అది ఆయనకి తెలుసు. ఈ ఒక్క పిల్ల ఇలాగే చేతులు కట్టుకుని కూర్చుంటే, గంట కొడితే, ఆ పిల్ల కాగితం మీద ముప్పై లోపు అంకె పడితే, ఈ కవరు ఇంకో నెల బతుకుతుంది. బీరువాలో ఉంటుంది. తరవాత ఒక ఉదయం బల్ల మీద ఒంటరిగా ఉంటుంది, దాన్ని కాక ఇంకోదాన్ని తీయడానికి ఉండదు, కత్తెరతో మూత అంచు కోస్తారు, ఆ ఆరు మాటలు బయటికి వస్తాయి. నెల ఎంతలోకి. కుట్టు దుకాణం మాత్రం ఏమంత తప్పు పని, ఎంతమంది బతకడంలేదు. పిన్నికి తను నచ్చజెప్పగలడు, ఇంకొక్క నెల ఆగమ్మా అని. ఆగుతుందా. పదిహేను. ఆయన ఎన్ని వేలమంది పిల్లలకి పాఠం చెప్పాడో, ఎంతమందిని బెంచీ ఎక్కించాడో, చెవి మెలిపెట్టాడో, కానీ ఒక పిల్ల తప్పాలని కోరుకోవడం ఇదే మొదలు. ఆ ఆలోచన పూర్తిగా, విడదీయడానికి ఏమీ మిగలకుండా, ఎదురుగా వచ్చి నిలబడ్డప్పుడు ఆయన చెవులు వేడెక్కాయి. ఎవరైనా చూశారేమో అన్నట్టు గది అంతా కలయజూశాడు. ఎవరూ చూడలేదు. ఆ పిల్ల ఒక్కతే చూస్తోంది. సాయం చేయమని కాదు. బస్సు వెళ్ళిపోయాక రోడ్డు వైపు చూస్తామే, అలా.

"ఆఖరి ప్రశ్న ఎవరూ వదిలేయకండి," అన్నాడు. గడియారం చూశాడు. "పన్నెండు నిమిషాలున్నాయి. తోచింది రాయండి. నోట్లో నోట్లో అనుకుని చూసుకోండి. చప్పుడు రాకూడదు, అంతే." అని కుర్చీలో కూలబడ్డాడు. మోచెయ్యి బల్ల మీద ఆనింది, అరచెయ్యి మీద గడ్డం ఆనింది. ఉదయం గీసుకోవడం మరిచిపోయిన గడ్డం గరగరలాడింది. కాస్సేపటికి తల ఎత్తితే ఆ పిల్ల ఆయన చేతినే చూస్తోంది. చూసి, తన చెయ్యి తీసి గడ్డం కింద పెట్టుకుంది. దాని వెనక ఎవరో. కిటికీ పక్క వాడు. ఒకరి తరవాత ఒకరు, తొమ్మిది మందీ పన్ను నొప్పి వచ్చినవాళ్ళలా చెంపకీ గడ్డానికీ చెయ్యి ఆనించి, పెదాలు కదుపుతూ, చప్పుడు లేకుండా. ఎవరైనా గుమ్మంలోంచి చూస్తే పడీ పడీ నవ్వుతారు. కామా ముందు ఫొటోగ్రఫీ దగ్గర ఆగింది, ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ అంది. నాలుగుసార్లు దిగింది గడ్డం. తరవాత మెడ కాస్త సాచి, కళ్ళు చిట్లించి, ఎదురుగా ఉన్న బోర్డుకి అవతల, గోడకి అవతల, ఎక్కడో చాలా దూరాన నడిచి వెళ్ళిపోతున్న మనిషిని పిలిచినట్టు, లోలోపలే పిలిచింది. గొంతులో నరం లేచింది. రెండో ముక్క దగ్గర పెదాలు సాగాయి. రాసుకుంది. ఆయన ఇంక అటు చూడలేకపోయాడు. కిటికీ ఊచల అవతల ఖాళీ ఆటస్థలంలో ఎవరో మరిచిపోయిన చొక్కా తీగ మీద ఊగుతోంది. గంట కొట్టారు.

తొమ్మిది పేపర్లు స్టాఫ్‌రూములో దిద్దాడు, ఆ పిల్లది అన్నిటికన్నా కిందపెట్టి. ముందు ప్రశ్నలకి ఇరవై తొమ్మిది. ఆఖరి దానికి పన్నెండుకి ఎనిమిది. తప్పుని తప్పనే కొట్టేశాడు. రెస్పాన్సిబిలిటీ దగ్గర ముక్కలూ తప్పే, ఒత్తిందీ తప్పే, సున్నా వేశాడు. రెఫ్రిజిరేటర్ ఒప్పు. మూడుసార్లు కూడాడు, మూడుసార్లూ ముప్పై ఏడే వచ్చింది. "తొమ్మిదీ?" అంది హెడ్‌మిస్ట్రెస్. "తొమ్మిదీ," అన్నాడు. ఆవిడ జాబితా మీద సంతకం పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంది.

ఆఫీసు గదిలో కాగితాలు ముక్కలు చేసే యంత్రం బీరువాకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. గుమస్తా రిజిస్టరు తెరిచి గీతలు గీసి పెట్టాడు. కవరు తిరగేసి చూసి, సంతకం దగ్గర వేలు ఆపాడు. "మాస్టారూ, ఈ బీరువా తాళం మొరాయిస్తోంది," అన్నాడు తరవాత. "నేనటు తిరిగి దాని సంగతి చూస్తాను. ఐదు నిమిషాలు పడుతుంది. పది కూడా పట్టొచ్చు."

"ఆ నియమం ఎవరు రాశారో మీకు తెలుసుగా," అన్నాడు ఆయన.

"తెలుసండీ. రెండో సంతకం నాదే ఉండాలని కూడా ఆవిడే రాశారు. 'నువ్వు మొహమాటపడే మనిషివి కాదు' అన్నారు నాతో." గుమస్తా నిట్టూర్చాడు. "మనుషుల్ని ఒక్కోసారి ఆవిడ కూడా తప్పు అంచనా వేసేవారు లెండి."

ఆయన కవరు చేతిలోకి తీసుకున్నాడు. వెలుగుకేసి ఎత్తి చూడలేదు. లోపల నాలుగు కాగితాలుంటాయి, బరువుని బట్టి. సంతకం ఉన్న వైపు పైకి పెట్టి, అడుగు అంచుని యంత్రం నోటికి అందించాడు. అది లాక్కుంది. తను వదిలేశాడో, అదే లాక్కుందో, వేళ్ళకి తెలియలేదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. తేదీ పక్కన గుమస్తా ఇంకో గడి చూపించాడు. 'తెరవలేదు' అని రాశాడు ఆయన, గుండ్రంగా, చదవడానికి వీలుగా.

వరండాలో బెంచీ మీద ఆ పిల్ల కూర్చుని ఉంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఆయన్ని చూసి లేచింది. ఫలితాలు రేపు బోర్డు మీద పెట్టేదాకా ఎవరికీ చెప్పకూడదు, చెప్పలేదు. "ఇంకా ఇంటికెళ్ళలేదేం, పిన్ని ఎదురుచూడదూ?" అన్నాడు.

"వెళ్తాను సార్. పోతే పోనీలెండి సార్, తప్పినా నేను ఏడవను." ఏడవనని చెప్పడానికే ఇంతసేపు కూర్చున్నట్టుంది. "మేడమ్ కూడా ఇంగ్లీషు రెండుసార్లు తప్పారుగా."

వరండా చివర ఎవరో బకెట్టు ఈడుస్తున్నారు. అది ఆగేదాకా ఆయన ఆగాడు. "ఎవరు తప్పారు?"

"మన మేడమే సార్. బళ్ళో ఉన్నప్పుడు. రెండోసారి తప్పిన రోజు వాళ్ళ నాన్న తిడతారని సినిమా హాల్లో దాక్కున్నారట, వరసగా మూడు ఆటలూ చూశారట. ఇక్కడే కూర్చుని చెప్పారు." పిల్ల ఆయన మొహం చూసి తడబడింది. "మీకు తెలీదా సార్? మీకు తెలుసనుకున్నాను."

ముప్పై ఏళ్ళు. మూడు ఆటలూ. ఏ సినిమా, ఎవరితో, డబ్బులెక్కడివి, ఇంటికి ఎలా వెళ్ళింది, నాన్న కొట్టాడా. ఆయన బెంచీ మీద, పిల్లకి చోటు వదిలి, ఒక చివర కూర్చున్నాడు.

"తెలీదమ్మా," అన్నాడు. "కూర్చో. మొదట్నించీ చెప్పు."